‘నాకు రాదు’ అని వెనక్కి తగ్గుతున్న మా పిల్లల గురించి

సంపాదకుల వారికి,

నమస్కారాలు. ఈ మధ్య మీ పత్రికలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి ఉత్తరం వేశారు. నలుగురిలో లేచి మాట్లాడాలంటే గొంతు పట్టేస్తుందని, ఫోనులో తనకన్నా బాగా మాట్లాడేవాళ్ళను చూసి చూసి తానెందుకూ పనికిరానని అనిపిస్తోందని ఆ బిడ్డ రాసింది. ఆమెది ఏ ఊరో, ఏ మతమో ఉత్తరంలో లేదు. కానీ ఆ మాటే మా చర్చిలో పిల్లల నోట కూడా వింటున్నాను. అందుకని ఆ బిడ్డకూ, మా పిల్లలకూ, వాళ్ళను నడిపించే పెద్దలకూ కలిపి నాకు తెలిసింది రాద్దామని కూర్చున్నాను. ఎవరినీ మా మతంలోకి రమ్మనడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. మా ఇంటి సంగతి మా వాళ్ళతో మాట్లాడుకుంటున్నాను. మిగతా పాఠకులు కూడా వింటే సంతోషం.

మాది నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో ఒక చిన్న పల్లె. తాతల కాలం నుంచి బాప్టిస్టు సంఘం వాళ్ళం. నేను కూలి చేసి బతికినదాన్ని. కంది కోతలు, శనగ కోతలు, సీజన్లో పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర కర్రలకు ఆకు అల్లడం, ఇవే నా పనులు. పెళ్ళయ్యేనాటికి నాకు సంతకం కూడా రాదు. ఇప్పుడు అరవై దాటాయి. మా సంఘంలో స్త్రీల సమాజం పని చాలా ఏళ్ళుగా నేనే చూస్తున్నాను.

మా చర్చిలో ఆదివారం పిల్లల తరగతి చెప్పే అమ్మాయి పెళ్ళి చేసుకుని బెంగళూరు వెళ్ళింది. అప్పటి నుంచి ఆ తరగతి జరిగితే జరిగినట్టు, లేకపోతే లేనట్టు. పాస్టర్ గారు ఒక్కొక్కరినీ అడిగారు. బీటెక్ చదివి ఇంటి నుంచే హైదరాబాదు కంపెనీకి పని చేస్తున్న పిల్లవాడున్నాడు. నర్సింగు చదువుతున్న పిల్ల ఉంది. కీబోర్డు వాయించే పిల్లవాడున్నాడు. అందరిదీ ఒకే మాట, ‘నాకు రాదండీ, వేరేవాళ్ళకు చెప్పండి’ అని. మా మనవరాలిని నేనే అడిగాను. “అవ్వా, యూట్యూబులో సండే స్కూలు ఎట్లా చెప్తారో చూశావా? బొమ్మలు, యాక్షన్ సాంగులు, ఎంత బాగుంటాయో! నేను నిలబడితే పిల్లలు నవ్వుతారు. శనివారం నుంచే నాకు టెన్షన్ మొదలవుతుంది” అంది.

వీళ్ళు బద్ధకంతో తప్పించుకుంటున్నారని నేననుకోవడం లేదు. దేవుని పని గొప్పది, తాము చాలమని ఆ పిల్లలు మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. మా కాలంలో వాక్యం చెప్పేవాళ్ళంటే మా పాస్టరు ఒకరు, ఏడాదికోసారి కూటాలకు బయటి ఊరి నుంచి వచ్చే బోధకుడు ఒకరు. పోల్చుకోవడానికి ఇంకెవరూ లేరు. ఇప్పుడు బాగా పాడేవాళ్ళూ, బాగా మాట్లాడేవాళ్ళూ అందరూ పిల్లల జేబులోనే ఉన్నారు. ఆ వీడియోలకు లైట్లు, మైకులు, తప్పులన్నీ కోసేసి అతికించే మనుషులు ఉంటారు. అది చూసిన కళ్ళతో రేకుల షెడ్డులో పాతిక మంది పిల్లల ముందు నిలబడాలంటే ఎవరికైనా కాళ్ళు వణుకుతాయి. ఆ వణుకును నేను తేలిగ్గా తీసుకోను. నాకూ తెలుసు అది.

మా మనవరాలికి నేను బైబిల్లో నిర్గమకాండం నాలుగో అధ్యాయం చదివి వినిపించాను. ఐగుప్తుకు వెళ్ళి ఫరో ముందు మాట్లాడమని దేవుడంటే, నేను మాట నేర్పరిని కాను, నోటి మాంద్యం ఉన్నవాణ్ణి అంటాడు మోషే. ఇక్కడ చాలామంది బోధకులు మోషేకు విశ్వాసం చాలలేదని చెప్పి ముందుకు పోతారు. ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు వేరే సంగతి కనిపిస్తుంది. మోషే నాలుకను దేవుడు బాగు చేసినట్టు అక్కడెక్కడా లేదు. నోరిచ్చింది నేనే గదా అన్నాడు, నీకు తోడుంటానన్నాడు, ఏం మాట్లాడాలో చెబుతానన్నాడు. అయినా మోషే, నన్నొదిలి ఇంకెవరినైనా పంపమంటే దేవునికి కోపం వచ్చింది. అంత కోపంలోనూ పని వెనక్కి తీసుకోలేదు. మీ అన్న అహరోను బాగా మాట్లాడతాడు, నీకు ఎదురొస్తున్నాడు అన్నాడు. నాలుక అట్లాగే ఉంది, పనీ అట్లాగే ఉంది, మధ్యలో తోడుకు అన్న వచ్చాడు.

మన సంఘాల్లో ఇప్పుడు లోటు ఉన్నది ఈ అన్నల దగ్గరేనని నా అభిప్రాయం. పిల్లవాణ్ణి పిలిచి పని చెప్పేవాళ్ళు ఉన్నారు. పక్కన కూర్చునేవాళ్ళు లేరు.

ఈ విషయంలో తెలుగు నేల మీదే జరిగిన సంగతులున్నాయి. మా పిల్లలకు అమెరికాలో, కొరియాలో పెద్ద చర్చిల గురించి తెలుసు గానీ మన పక్క జిల్లా సంగతి తెలియదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ఐదుగురు ప్రార్థన చేశారు. అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, వాళ్ళతో ముగ్గురు తెలుగువాళ్ళు. ఆ ముగ్గురిలో ఒకామె జూలియా, నెల్లూరు జూలియా అంటారు మా పెద్దలు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు. అప్పటికి అమెరికాలో మిషను పెద్దలు, తెలుగు దేశంలో ఫలితమేమీ కనిపించడం లేదు, ఈ పని మూసేద్దామా అని చర్చించుకుంటున్నారు. అంటే ఆ తెల్లవారుజామున కొండ మీద మోకరించినవాళ్ళు గెలిచిన జట్టు మనుషులు కారు. చేతిలో ఏమీ లేనివాళ్ళు.

తర్వాత 1866లో అదే మిషనుకు చెందిన క్లౌ దొర ఒంగోలు వచ్చి స్థిరపడ్డాడు. ఆ ఏడాదే తాళ్ళకొండపాడు యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య తోలు పని చేసుకునే మాదిగ. ఏ కాలేజీలోనూ వేదాంతం చదవలేదు. ఊళ్ళో మంచినీళ్ళ బావి దగ్గరికి కూడా రానివ్వని కులం. అలాంటి మనిషి తన పనిముట్లతో, తన చుట్టరికాలతో పల్లె పల్లె తిరిగాడు. ఎక్కడ తన మనుషులుంటే అక్కడ కూర్చుని తనకు తెలిసినంత చెప్పాడు. దొర వెళ్ళలేని గడపల్లోకి పేరయ్య వెళ్ళగలిగాడు. ఆ గడపలు దాటడానికి ఏ డిగ్రీ పనికొచ్చేది చెప్పండి?

ఆ పదేళ్ళకే పెద్ద కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా. మా తాతలు ధాత కరువు అని చెప్పుకునేవాళ్ళు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని కూలి కల్పించాడు. ఆయన చదువుకున్నది సర్వే పని కాబట్టి అది చేతనైంది. తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలుగా నిలబడ్డారు. పగలంతా మట్టి పని, మధ్యాహ్నం అన్నం వేళ కూలీల మధ్య కూర్చుని మాట. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని కరువు ఉన్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ లెక్క మా చర్చిల్లో చాలామందికి తెలుసు. తెలియని సంగతి ఒకటుంది. ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ కాదు. తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్ళలోకి దిగారు. దొర గట్టున ఉన్నాడు. అంటరానివాళ్ళని ఊరి చివర పెట్టిన మనుషులు ఆ రోజు ఏటి నీళ్ళలో నిలబడి వేలమంది తలల మీద చేతులుంచారు. నేను పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు ఈ ముక్క దగ్గర ఆగుతాను. మళ్ళీ చెప్పమంటారు, మళ్ళీ చెబుతాను.

ఇప్పుడు నా సంగతి రాస్తాను. 1991లో మా జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రి అన్నాలయ్యాక లాంతరు పెట్టి ఆడవాళ్ళను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేవాళ్ళు. మా వీధిలో మాకు చదువు చెప్పింది పదో తరగతి తప్పిన పిల్లవాడు. వాడికి లెక్కలు రావు, ఇంగ్లీషు రాదు. మాకు అ ఆలు చెప్పడానికి వాడి చదువు చాలింది. ఆ రోజు వాడు ‘నేనే ఫెయిలయ్యాను, ఇంకొకరికేం చెప్తాను’ అని ఇంట్లో కూర్చుని ఉంటే నేను ఈ రోజు ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. మా ఆడవాళ్ళలో ఇప్పటికీ వాడిని సార్ అని పిలిచేవాళ్ళున్నారు.

ఆ పాఠాల్లోనే సారా గురించి చదివాం. దూబగుంట మా మండలమే. 1992లో అక్కడి ఆడవాళ్ళు, వర్ధినేని రోశమ్మ గారి లాంటివాళ్ళు, సారా దుకాణాలకు ఎదురు తిరిగారు. మా ఊళ్ళోనూ కూర్చున్నాం. హిందువులు, ముస్లింలు, మేము, అందరం కలిసే. ఆఫీసర్ల ముందు నిలబడి మాట్లాడింది చదువుకున్నవాళ్ళు కాదు, అక్షరాలు కూడబలుక్కుంటున్న కూలి ఆడవాళ్ళు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. దేవుడు బలహీనుల ద్వారా పని చేస్తాడని ప్రసంగాల్లో వింటే తల ఊపేదాన్ని. ఆ ఏడాది కళ్ళతో చూశాను.

నాకు చదవడం కొంచెం పట్టుబడ్డాక అప్పటి మా పాస్టర్ గారు ఆరాధనలో వాక్యం చదవమన్నారు. వద్దని ఏడ్చాను. బైబిల్లో అక్షరాలు చిన్నవి, ఒత్తులు ఎక్కువ, ఆ భాష మనం మాట్లాడుకునేది కాదు. మగవాళ్ళంతా చాప మీద కూర్చుని వింటుంటే ఆగి ఆగి చదవాలంటే ప్రాణం పోయినంత పని. ఆయన నన్ను బలవంతం చేయలేదు, వదిలిపెట్టనూ లేదు. చిన్నదని నూట ఇరవై ఒకటో కీర్తన ఎంచారు. ఎనిమిది వచనాలు. పాస్టరమ్మ గారు శనివారం సాయంత్రం నన్ను తమ వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి, ఆమె బియ్యం ఏరుకుంటూ, నా చేత చదివించారు. ఎక్కడ ఆగాలో చెప్పారు. ఆదివారం నా పక్కనే నిలబడ్డారు. నేను ఆగిన చోట నాకు మాత్రమే వినపడేట్టు అందించారు. పూర్తయ్యాక పాస్టర్ గారు ఏమీ ప్రత్యేకంగా పొగడలేదు. వచ్చే నెల ఏది చదవాలో చెప్పారు. ఆ చెప్పడమే నాకు చాలా పెద్ద గౌరవం అనిపించింది.

పొగాకు అల్లడం ఎవరికీ పుస్తకంలో చదివితే రాదు. కర్ర పట్టుకుని నలుగురి మధ్య కూర్చుంటే వేళ్ళకే వస్తుంది. వాక్యం చదవడమూ, ప్రార్థన చేయడమూ నాకు అట్లాగే వచ్చాయి. వచ్చాక మొదలుపెట్టలేదు.

నలుగురి ముందు మాట్లాడితేనే సేవ అని మా పిల్లలు అనుకోవడం కూడా నాకు బాధగా ఉంది. అపొస్తలుల కార్యాల్లో యొప్పే పట్టణంలో తబితా అనే శిష్యురాలుంది, దొర్కా అని కూడా అంటారు. ఆమె మాట్లాడిన మాట ఒక్కటి కూడా బైబిల్లో రాయలేదు. ఆమె చనిపోతే విధవరాళ్ళు పేతురు చుట్టూ నిలబడి ఏడుస్తూ ఆమె కుట్టి ఇచ్చిన అంగీలు, వస్త్రాలు చూపించారు. ఆమె ప్రసంగం అదే. మా ఊళ్ళో పక్షవాతంతో మంచాన పడ్డ ఒక పెద్దామె ఉండేది. కొడుకు, కోడలు కూలికి పోవాలి. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు, పోకపోతే పొయ్యి వెలగదు. మా స్త్రీల సమాజంలో ఆడవాళ్ళం వంతులు వేసుకున్నాం. పక్కకు తిప్పి పడుకోబెట్టడం, వీపు తుడిచి పౌడరు వేయడం, గంజి తాగించడం, గోళ్ళు తీయడం, తల దువ్వడం. వీపు మీద పుండ్లు పడకుండా ఎట్లా తిప్పాలో పీహెచ్‌సీ నర్సమ్మ వచ్చి చూపించింది. మాలో ఒకామె ఉంది, కూడికలో నోరు విప్పి ఒక్క ప్రార్థన చేసి ఎరుగదు, సిగ్గు. ఆ పెద్దామె ఆమె చేత్తో పెడితేనే తినేది. ఆమె రాని రోజు మూతి తిప్పుకునేది. సంఘంలో ఎవరి పరిచర్య గొప్పదని నన్నడిగితే నేను ఆమె పేరే చెబుతాను. ఆమెను అడిగితే మాత్రం ‘నాకేం వచ్చు’ అంటుంది.

నాకు మనసు కష్టపెట్టిన ఒక సంగతి కూడా రాయాలి. కొన్నేళ్ళ కిందట ఒక పెద్ద స్త్రీల కూటంలో సాక్ష్యం, అంటే దేవుడు నా బతుకులో చేసింది, చెప్పమని నన్ను పిలిచారు. తీరా వెళ్ళాక ఒకామె నన్ను పక్కకు తీసుకుని ఏం చదువుకున్నావని అడిగింది. చెప్పాను. నా వంతు ఇంకొకరికి ఇచ్చారు. నాకు జరిగిందని చెప్పడం లేదు, నేను తట్టుకోగలను. నాతో వచ్చిన మా ఊరి పడుచుపిల్లలు ఇద్దరు అది చూశారు. వాళ్ళు ఆ తర్వాత ఏ పనికి పిలిచినా ముందుకు రాలేదు. చదువులేనివాళ్ళని పక్కన పెట్టినప్పుడు ఆ దెబ్బ తగిలేది వాళ్ళకు మాత్రమే కాదు. చూస్తున్న పిల్లలు కూడా, ఇక్కడ నాకు చోటు లేదని నేర్చుకుంటారు.

దోర్నకల్ అజరయ్య బిషప్ గారిని తలుచుకుంటే నాకు ధైర్యం వస్తుంది. ఆయనది తమిళ దేశం, తిరునెల్వేలి ప్రాంతం. మద్రాసులో కాలేజీ చదివారు గానీ డిగ్రీ చేతికి రాలేదు. 1909లో దోర్నకల్ వచ్చి, తనది కాని తెలుగును నేర్చుకుని మనవాళ్ళ మధ్య పని చేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఆయన చేసిన పనుల్లో నాకు ఎంతో ఇష్టమైనది ఒకటుంది. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ చేత, కూలీల చేత, అక్షరం రానివాళ్ళ చేత, వాళ్ళ చెయ్యి వాళ్ళ తల మీద పెట్టించి, నేను సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ, అంటే అయ్యో నాకు కీడే, అని పౌలు చెప్పిన మాట పలికించేవారట. చదువు అయ్యాక చెప్పండి అనలేదు. నీళ్ళలోంచి బయటికి వచ్చిన రోజే పని అప్పగించారు. ఆ పల్లెల్లో ఆడవాళ్ళు అన్నం వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం సంఘం కోసం తీసి పెట్టేవాళ్ళు. మా చర్చిలో కూడా ఆ డబ్బా ఉంది. పిడికెడు బియ్యానికి ఏ అర్హతా అక్కర్లేదు, మరిచిపోకుండా తీయాలంతే.

ఇంత రాశాను గదా అని నేర్చుకోవడం అనవసరమని నేను చెబుతున్నానని ఎవరూ అనుకోవద్దు. దేవుని గుడారం కట్టేటప్పుడు బెసలేలు అనే పనివాడికి దేవుడు బంగారం పనిలో, చెక్కడంలో నేర్పు ఇచ్చాడని బైబిల్లో రాసి ఉంది. నేర్పు కూడా దేవుడిచ్చేదే. పాట పాడే పిల్లలు శ్రుతి నేర్చుకోవాలి. తరగతి చెప్పేవాళ్ళు శనివారం పాఠం చదువుకుని రావాలి. కొన్ని చోట్ల అయితే ‘నాకు తెలియదు’ అనడమే దేవుని భయం. జబ్బుతో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థన చేయండి, రాత్రంతా కూర్చోండి. మాత్రలు మానెయ్యమని మాత్రం చెప్పకండి. మా ప్రాంతంలో అట్లా చెప్పేవాళ్ళు ఉన్నారు. షుగరు మాత్రలు మానేసి కాలు పోగొట్టుకున్నవాళ్ళను నేనెరుగుదును. మనసు బాగాలేక చచ్చిపోవాలని ఉందని ఎవరైనా చెబితే దగ్గర కూర్చోండి, ఒంటరిగా వదలకండి, డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళండి. మనకు రానిది ఏదో తెలిసి ఉండటం వేరు. వచ్చినంత కూడా చేయకుండా ఉండటం వేరు. మా పిల్లల బాధ రెండోది.

పాస్టర్లకూ సంఘ పెద్దలకూ చేతులెత్తి చెబుతున్నాను. పని చెప్పేటప్పుడు కనీసం వారం ముందు చెప్పండి. ఆరాధన మధ్యలో పిలిచి ‘ఇప్పుడు ఫలానా చెల్లి ప్రార్థిస్తుంది’ అనకండి, భయస్థులకు ఆ ఒక్కసారితోనే చర్చి అంటే వణుకు పుడుతుంది. కొత్తవాళ్ళను ఒంటరిగా నిలబెట్టకండి, అలవాటున్న ఒకరిని జత చేయండి. తప్పు చదివితే అందరి ముందు దిద్దకండి. ఇంకొక మాట, ఇది ఇప్పటి కాలం మాట. మా చర్చిలో కూడా ఆరాధనను ఫోనులో లైవ్ పెడుతున్నారు. దూరాన ఉన్న మా పిల్లలు చూసుకుంటారు, మంచిదే. కానీ మొదటిసారి లేచిన పిల్ల ముందు ఆ ఫోను పెట్టకండి. ఆమె తడబడింది మా పాతిక కుటుంబాల మధ్య అయితే మధ్యాహ్నానికి మరిచిపోతాం. ఫోనులోకి ఎక్కితే ఆమె దాన్ని రాత్రంతా తిప్పి తిప్పి చూసుకుంటుంది. మా పాస్టర్ గారికి ఈ సంగతి చెప్పాను. పిల్లల కార్యక్రమం వరకు ఫోను ఆపేయడానికి ఆయన ఒప్పుకున్నారు.

మా మనవరాలు మే నెలలో వీబీఎస్‌కు, అంటే సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు తరగతులకు, చిన్నపిల్లల గుంపును చూసుకుంటానంది. కథ చెప్పనంది, రంగులు వేయించడం, బొరుగులు బెల్లం పంచడం, బాత్రూముకు తీసుకెళ్ళడం చేస్తానంది. సరే అన్నాం. కథ చెప్పేది నర్సింగు పిల్ల. ఆమెకు పక్కన నేను కూర్చుంటాను. మీకు ఉత్తరం రాసిన ఆ అమ్మాయికి కూడా నేను ఇదే చెప్పాలనుకుంటున్నాను. తల్లీ, నీకు ఎవరైనా పక్కన కూర్చునేవాళ్ళున్నారా? లేకపోతే ముందు వాళ్ళను వెతుక్కో. అడిగితే కాదనని పెద్దవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు ఉంటారు.

చివరిగా మీకూ, మీ పాఠకులకూ ఒక మనవి. మిషను కాలంలో మన జిల్లాల్లో బైబిలు స్త్రీలు అని ఉండేవాళ్ళు. చాలామంది విధవలు, కొందరికి కూడబలుక్కుని చదవడం వరకే వచ్చు. చంకలో సంచి, చేతిలో గొడుగు, పల్లె పల్లె నడిచి ఇళ్ళల్లో ఆడవాళ్ళకు చదివి వినిపించేవాళ్ళు, పురుళ్ళ దగ్గర కూర్చునేవాళ్ళు, పిల్లలకు అక్షరాలు దిద్దించేవాళ్ళు. మిషనరీ దొరల పేర్లు బడుల మీద, ఆసుపత్రుల మీద ఉన్నాయి. ఈ అమ్మల పేర్లు మా చర్చి రిజిస్టర్లో లేవు, సమాధి రాళ్ళ మీద కూడా లేవు. మా అమ్మ వాళ్ళ ఊరికి వచ్చే ఆమెను మా అమ్మ ‘సంచి అత్త’ అని మాత్రమే చెప్పేది, అసలు పేరు తనకూ తెలియదు. నెల్లూరు, ప్రకాశం, గుంటూరు, పల్నాడు, ఖమ్మం, వరంగల్లు వైపు పాఠకుల్లో ఎవరి ఇంట్లోనైనా పెద్దవాళ్ళకు అలాంటి అమ్మల పేర్లు, ఊళ్ళు, వాళ్ళు చేసిన పనులు గుర్తుంటే రాసి పంపమని కోరుతున్నాను. ఆ గుర్తున్నవాళ్ళకు ఇప్పుడు ఎనభైలు దాటి ఉంటాయి, ఆలస్యం చేయకండి. మీరు ఆదివారం పేజీలో కొంచెం చోటిచ్చి ఆ పేర్లు అచ్చు వేస్తే, మా పిల్లలకు వీబీఎస్‌లో ఆ కథలు చెప్పుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కలిగిరి మండలం, నెల్లూరు జిల్లా